నేలలో బొగ్గు వేస్తే ఏమవుతుంది?

పొయ్యిలో కట్టెలు మండుతాయి. వంట అయిపోతుంది. తర్వాత పొయ్యిలో రెండు మిగులుతాయి. ఒకటి బూడిద. రెండోది బొగ్గు.

బూడిద తెల్లగా, మెత్తగా ఉంటుంది. బొగ్గు నల్లగా, తేలికగా ఉంటుంది. రెండూ ఒకే కట్టెలోంచి వచ్చాయి. కానీ రెండూ ఒకటి కావు.

బూడిదతో అంట్లు తోముతాం. చిక్కుడు పాదుకు పేను పడితే బూడిద చల్లుతాం. బొగ్గులతో ఇస్త్రీ చేస్తారు. వెనకటి రోజుల్లో బొగ్గుపొడితో పళ్లు తోముకునేవాళ్లు. మరి ఈ రెండింటిలో నేలకు ఏది మేలు? ఎంత మేలు? ఎప్పుడు కీడు?

ఇది మనం తెలుసుకోవాల్సిన సంగతి. ఎందుకంటే ఎరువు బస్తా కొనాలంటే చాలా ఇళ్లలో అప్పు చేయాల్సి వస్తుంది. అప్పు చేసి వేసిన ఎరువులో కొంత వానకు కొట్టుకుపోతుంది. చల్కా నేలలో పోసిన నీళ్లు నిలవవు. ఇంకోపక్క పత్తి కట్టెను, కంది కట్టెను చేలోనే తగలబెడుతున్నాం. ఆ కట్టె పీకేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ పొగ పీల్చేదీ ఆడవాళ్లే. కట్టెలోని బలం చాలావరకు పొగతో పాటు గాలిలో కలిసిపోతుంది.

ఆ కట్టెను బూడిద కానివ్వకుండా బొగ్గు చేస్తే? ఆ బొగ్గును నేలలో కలిపితే?

బూడిద ఎలా అవుతుంది? బొగ్గు ఎలా అవుతుంది?

కట్టె మండాలంటే గాలి కావాలి. గాలి బాగా తగిలితే కట్టె పూర్తిగా కాలిపోతుంది. చివరికి గుప్పెడు బూడిద మిగులుతుంది. గాలి సరిగా తగలకపోతే కట్టె పూర్తిగా కాలదు. దానిలోని తడి, పొగ బయటికి పోతాయి. నల్లని బొగ్గు మిగిలిపోతుంది.

బొగ్గుల బట్టీ చూసినవాళ్లకు ఇది తెలుసు. సర్కారు తుమ్మ కట్టెను కుప్పగా పేరుస్తారు. పైన గడ్డి, మట్టి కప్పుతారు. లోపల నిప్పు పెడతారు. మట్టి ఎందుకు కప్పుతారు? గాలి పోకుండా. ఎక్కడన్నా మట్టి పగిలి గాలి దూరితే అక్కడ కట్టె బూడిదవుతుంది. అందుకే బట్టీవాళ్లు రాత్రింబగళ్లు కాపలా కాస్తారు. కంత కనపడితే వెంటనే పూడుస్తారు.

బూడిదలో సున్నం, పొటాషు వంటివి ఉంటాయి. అవి మొక్కకు పనికొస్తాయి. కానీ వానకు తొందరగా కరిగిపోతాయి. ఇక నత్రజని దాదాపు ఉండదు. యూరియాలో ఉండేది నత్రజనే. అది మంటలోనే పొగతో వెళ్లిపోయింది.

ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5 కిలోలన్నర నత్రజని ఉంటుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. గడ్డిని చేలో తగలబెడితే ఆ నత్రజని దాదాపు అంతా పోయినట్టే.

కొండ ప్రాంతాల్లో పోడు వ్యవసాయం చూడండి. చెట్లు కొట్టి కాల్చిన చోట మొదటి ఏడు పంట బాగుంటుంది. రెండు మూడేళ్లకు పంట తగ్గుతుంది. బూడిద ఇచ్చిన బలం వానకు కరిగిపోవడం దీనికి ఒక కారణం. అందుకే పాతకాలంలో ఆ చోటును కొన్నేళ్లు బీడు వదిలేసేవారు.

బొగ్గు అలా కరిగిపోదు. తొందరగా కుళ్లదు. చెద తినదు. నేలలో వందల ఏళ్లు ఉంటుంది. పాత ఊళ్ల దిబ్బలు తవ్వినప్పుడు వెయ్యేళ్ల కిందటి బొగ్గు ముక్కలు కూడా దొరుకుతుంటాయి.

బొగ్గు ముక్కలో ఏముంది?

ఒక బొగ్గు ముక్కను విరిచి చూడండి. చేత్తో పట్టుకుంటే తేలికగా ఉంటుంది. ఎందుకు? లోపల అంతా ఖాళీ.

చెట్టు బతికి ఉన్నప్పుడు వేళ్ల నుంచి ఆకులకు నీళ్లు ఎక్కుతాయి. సన్నని గొట్టాల గుండా ఎక్కుతాయి. కట్టె బొగ్గయినా ఆ గొట్టాల ఆకారం చెడిపోదు. అందుకే బొగ్గు నిండా సన్నని రంధ్రాలు. తేనెపట్టు గదుల మాదిరిగా ఉంటాయి. కాకపోతే కంటికి కనపడనంత చిన్నవి.

ఈ రంధ్రాల వల్ల మూడు పనులు జరుగుతాయి.

మొదటిది నీటి పని. రంధ్రాలు నీటిని పీల్చుకుంటాయి. నేల ఆరేటప్పుడు ఆ నీటిలో కొంత వేళ్లకు అందుతుంది.

రెండోది ఎరువు పని. మొక్క తినే బలాన్ని బొగ్గు గోడలు పట్టి ఉంచుతాయి. వాన పడినా అంత తొందరగా కిందికి పోనివ్వవు.

మూడోది జీవుల పని. మట్టిలో కంటికి కనపడని జీవులు కోట్లలో ఉంటాయి. పెంటను, ఆకును కుళ్లబెట్టి మొక్కకు తిండిగా మార్చేవి అవే. బొగ్గు రంధ్రాల్లో వాటికి ఎండ తగలదు. తడి దొరుకుతుంది. అక్కడ అవి కాపురం పెడతాయి.

అయితే ఒక మాట బాగా గుర్తుంచుకోవాలి. బొగ్గు మొక్కకు తిండి కాదు. అది గాదె వంటిది. గాదెలో వడ్లు పోస్తే వడ్లు భద్రంగా ఉంటాయి. ఖాళీ గాదె ఎవరి కడుపూ నింపదు. బొగ్గు కూడా అంతే. మనం పెట్టిన బలాన్ని దాచి ఉంచుతుంది. మనం ఏమీ పెట్టకపోతే అదీ ఏమీ ఇవ్వదు.

అమెజాన్ నల్ల మట్టి

బొగ్గు నేలలో వందల ఏళ్లు ఉంటే ఏమవుతుంది? దీనికి జవాబు దూరదేశంలో దొరికింది. భూమికి అటువైపు దక్షిణ అమెరికా ఉంది. అక్కడ అమెజాన్ అనే నది ఉంది. ప్రపంచంలోకెల్లా ఎక్కువ నీరు పారే నది అదే. ఆ నది ఎక్కువగా బ్రెజిల్ దేశంలో పారుతుంది. చుట్టూ పెద్ద అడవి.

అడవి పచ్చగా ఉంటుంది. కాబట్టి నేల బలమైనది అనుకుంటాం. కానీ అక్కడి నేల చాలావరకు పేద నేల. అనంతపురంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అమెజాన్ అడవిలో చాలాచోట్ల 2000 మిల్లీమీటర్లు దాటుతుంది. అంత వానకు మట్టిలోని బలం కొట్టుకుపోతుంది. మట్టి ఎర్రగా, పసుపుగా, పులుపు గుణంతో ఉంటుంది.

కానీ ఆ ఎర్ర మట్టి మధ్యలో అక్కడక్కడా నల్ల మట్టి కనిపిస్తుంది. కొన్నిచోట్ల ఆ నలుపు నిలువెత్తు లోతు వరకు ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని ‘తెర్రా ప్రేతా’ అంటారు. మన ప్రేతం కాదిది. వాళ్ల భాషలో తెర్రా అంటే నేల. ప్రేతా అంటే నలుపు. నల్ల నేల అన్నమాట. ఆ నేలలో కర్రపెండలం, మొక్కజొన్న, బొప్పాయి బాగా పండుతాయి. రైతులు ఇప్పటికీ అక్కడ పంటలు వేస్తున్నారు.

ఆ నలుపు ఎక్కడిది? 1966లో సోంబ్రోక్ అనే శాస్త్రవేత్త ఒక పుస్తకం రాశాడు. ఆయనది నెదర్లాండ్స్ దేశం. ఆ పుస్తకంలో ఈ నల్ల మట్టి గురించి వివరంగా చెప్పాడు. తర్వాత ఎందరో శాస్త్రవేత్తలు ఆ మట్టిని తవ్వి చూశారు. అందులో బొగ్గు ముక్కలు దొరికాయి. కుండ పెంకులు, చేప ముళ్లు, ఎముకలు కూడా దొరికాయి. కొన్నిచోట్ల పక్క నేలలో కంటే 70 రెట్లు ఎక్కువ బొగ్గు ఉంది. అంటే అది మనుషులు చేసిన మట్టి. కొన్నిచోట్ల 2000 ఏళ్ల పాతది.

దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1542లో ఒరెయానా అనే స్పెయిన్ దేశస్థుడు పడవల మీద అమెజాన్ నది వెంట సముద్రం దాకా వెళ్లాడు. నది ఒడ్డున పెద్ద పెద్ద ఊళ్లు చూశామని ఆ జట్టులోని మతగురువు రాసిపెట్టాడు. తర్వాతి కాలంలో వెళ్లినవాళ్లకు ఊళ్లు కనపడలేదు. అడవే కనపడింది. ఆయన రాసింది అబద్ధమని చాలామంది అనుకున్నారు. కానీ తెల్లవాళ్లు తెచ్చిన మశూచి, తట్టు వంటి జబ్బులకు అక్కడి జనం లక్షల్లో చనిపోయారు. ఊళ్లు పాడుపడ్డాయి. అడవి కప్పేసింది. మనుషులు పోయారు. వాళ్లు చేసిన మట్టి మాత్రం మిగిలింది. అక్కడ ఊళ్లు ఉండేవని ఆ మట్టే సాక్ష్యం చెప్పింది.

తెలిసే అలా చేశారా? లేక పొయ్యి బొగ్గు, ఇంటి చెత్త ఒకేచోట పోసి పోసి అలా అయిందా? దీని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. ఒకటి మాత్రం స్పష్టం. అక్కడ బొగ్గు ఒక్కటే లేదు. బొగ్గుతో పాటు ఎముక, చేప, పెంట, కుళ్లిన చెత్త అన్నీ కలిశాయి. గాదె ఉంది. గాదె నిండా గింజలూ ఉన్నాయి.

మన రైతులకు ఇది పూర్తిగా కొత్త కాదు. పాడుపడిన పాత ఊరి దిబ్బను పాటిదిబ్బ అంటారు. ఆ పాటిమన్నును మన పెద్దలు బండ్ల మీద తోలుకుపోయి పొలాల్లో చల్లేవారు. పెంట, బూడిద, ఇంటి చెత్త ఏళ్ల తరబడి కలిసిన మట్టి అది. దాని బలం వాళ్లకు తెలుసు.

మన నేలల్లో ఎక్కడ పనికొస్తుంది?

అన్ని నేలలకూ ఒకే మందు పనిచేయదు. బొగ్గు కూడా అంతే.

2017లో కొందరు శాస్త్రవేత్తలు అనేక దేశాల ప్రయోగాలను కలిపి చూశారు. వేడి దేశాల్లో బొగ్గు వేసిన చోట పంట సగటున నూటికి 25 వంతులు పెరిగింది. చలి దేశాల్లో సగటున పెరుగుదల లేదు. వేడి దేశాల్లో చాలా నేలలు పేదవి, పులుపు గుణం గలవి. అందుకే అక్కడ మేలు ఎక్కువ. ఇది సగటు లెక్క. ఒక చోట ఎక్కువ రావచ్చు. ఇంకో చోట ఏమీ రాకపోవచ్చు.

మన దగ్గర చల్కా నేల, ఇసుక దుబ్బ నేల నీటిని నిలపవు. బొగ్గు పనికొచ్చేది ముఖ్యంగా ఇక్కడే.

నల్లరేగడి నేల నీటిని ముందే బాగా పట్టి ఉంచుతుంది. అక్కడ బొగ్గు వల్ల మేలు తక్కువ. రేగడి నలుపు చూసి అది బొగ్గు అనుకోవద్దు. ఆ నలుపు వేరు.

చౌడు నేలలో బొగ్గు వేయకపోవడమే మంచిది. చాలా రకాల బొగ్గులకు, ముఖ్యంగా బూడిద కలిసిన బొగ్గుకు, సున్నం గుణం ఉంటుంది. చౌడుకు ఆ గుణం ఇంకా కీడు.

మీ నేల ఏ రకమో ఎలా తెలుస్తుంది? భూసార పరీక్ష చేయించండి. వాళ్లిచ్చే కార్డులో ‘ఉదజని సూచిక’ అని ఒక అంకె ఉంటుంది. దాన్నే పిహెచ్ అంటారు. అది 7 కంటే తక్కువ ఉంటే నేలకు పులుపు గుణం ఉన్నట్టు. 8.5 దాటితే చౌడు గుణం ఉన్నట్టు. ఆ కార్డును ఇంకొకరితో చదివించుకోనక్కరలేదు. మీరే చదవండి.

అత్తా కోడళ్ల మాట

ఒక ఇంట్లో అత్త, కోడలు మాట్లాడుకుంటున్నారు అనుకుందాం.

“అత్తమ్మా, పొయ్యిలో బొగ్గులు పారేయొద్దు. బీరపాదులో వేద్దాం.”

“వద్దే తల్లీ. పోయినేడు వంగ మొక్కల మొదట్లో బొగ్గుపొడి పోస్తివి. ఆకులన్నీ పసుపుపచ్చగా తిరిగినయి. మర్చిపోయినవా?”

“అప్పుడు ఉత్త బొగ్గు వేసినం అత్తమ్మా. పేడలో నానబెట్టి వేయాలంట.”

“నానబెడితే ఏమైతది?”

“ఖాళీ బొగ్గుకు ఆకలెక్కువ. మట్టిలో ఉన్న బలాన్ని అదే లాక్కుంటదంట. ముందే దాని కడుపు నింపితే మొక్క జోలికి పోదు.”

“అట్లయితే సరే. ముందు ఒక్క మడిలో వెయ్యి. అన్ని మళ్లలో వెయ్యకు.”

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కొత్త బొగ్గు మట్టిలోని నత్రజనిని కొంతకాలం పట్టేసుకుంటుంది. మొక్కకు అందదు. అందుకే ఆకులు పసుపుపచ్చగా మారతాయి. ముందుగా బొగ్గును నింపాలన్న కోడలి మాట సరైనది. ముందు ఒక్క మడిలోనే చూడమన్న అత్త మాట ఇంకా సరైనది. ఒకసారి నేలలో కలిపిన బొగ్గును మళ్లీ ఏరి తీయలేం గదా.

బొగ్గును నింపడం ఎలా?

బొగ్గును కందిపప్పు బద్దంత చిన్న ముక్కలుగా కొట్టాలి. కొట్టే ముందు నీళ్లు చల్లాలి. అప్పుడు దుమ్ము లేవదు.

ఒక తట్ట బొగ్గుకు రెండు తట్టలు మాగిన పెంట ఎరువు కలపాలి. దాని మీద ఆవు మూత్రం గానీ, పేడ నీళ్లు గానీ, జీవామృతం గానీ పోయాలి. ముద్దగా తడవాలి. నీళ్లు కారకూడదు. నీడలో కుప్ప పోసి గోనెసంచి కప్పాలి. నాలుగు రోజులకోసారి తిరగేయాలి. ఆరిపోతే మళ్లీ తడపాలి. మూడు వారాలు అలా ఉంచాలి. ఇప్పుడు గాదె నిండింది. దీన్ని మట్టిలో జానెడు లోతు వరకు కలపాలి. పైన చల్లి వదిలేస్తే గాలికి, వానకు కొట్టుకుపోతుంది.

కంపోస్టు గుంత ఉంటే ఇంకా సులువు. గుంతలో చెత్త వేసేటప్పుడే బొగ్గు పొడి పొరలుగా వేయండి. చెత్త మాగేలోపల బొగ్గు కూడా నిండుతుంది.

బొగ్గు ఎక్కడి నుంచి తేవాలి?

బొగ్గు కోసం చెట్టు కొట్టొద్దు. ఇది మొదటి మాట. చెట్టు కొట్టి నేలను బాగు చేయడం అంటే ఒక కన్ను పొడిచి ఇంకో కంటికి కాటుక పెట్టినట్టే.

చేలో మిగిలిన ప్రతిదాన్నీ బొగ్గు చేయొద్దు. పశువు తినేది పశువుకే పెట్టాలి. తొందరగా కుళ్లేది కంపోస్టు గుంతలో వేయాలి. పొయ్యికి కావలసింది పొయ్యికి ఉంచుకోవాలి. ఏ పనికీ రాక చేలో తగలబెట్టేది మాత్రమే బొగ్గు చేయాలి. పత్తి కట్టె అలాంటిదే. పత్తి కట్టెలో గులాబీ రంగు పురుగు దాగి ఉంటుంది. పంట అయిపోయాక దాన్ని చేలో ఉంచొద్దని వ్యవసాయ అధికారులు చెబుతుంటారు.

హైదరాబాదులో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. దాన్ని ‘క్రిడా’ అంటారు. అక్కడి శాస్త్రవేత్తలు పత్తి కట్టె, కంది కట్టె, ఆముదం కట్టె, మొక్కజొన్న కట్టెతో బొగ్గు చేసి చూశారు. అందుకు 200 లీటర్ల పాత నూనె డ్రమ్మును వాడారు. డ్రమ్ము అడుగున గాలి కోసం రంధ్రాలు పెట్టారు. పైన కట్టె వేయడానికి నోరు పెట్టారు. కట్టె తగినంత కాలాక మూత వేసి, గాలి పోకుండా మట్టితో మెత్తారు. చల్లారాక తీస్తే బొగ్గు.

డ్రమ్ము లేనివాళ్లు గుంతలో చేయవచ్చు. ఇంటికి, గడ్డివాముకు దూరంగా గుంత తవ్వాలి. పైన మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు చాలు. అడుగు సన్నగా, పైన వెడల్పుగా గరాటు మాదిరి ఉండాలి. బాగా ఎండిన కట్టెనే వాడాలి. అడుగున కొంచెం వేసి నిప్పు పెట్టాలి. కట్టె మీద తెల్లటి బూడిద పొర రాబోతుంటే వెంటనే ఇంకొంత కట్టె పలచగా వేయాలి. మళ్లీ తెల్లబడబోతుంటే మళ్లీ వేయాలి. పైన మంట ఉంటుంది. ఆ మంట గాలిని తినేస్తుంది. కింది కట్టెకు గాలి అందదు. అందుకే అది బొగ్గుగా మిగులుతుంది. మంట పైనే ఉండటం వల్ల పొగ కూడా కాలిపోతుంది. పొగ ఎక్కువగా వస్తుంటే కట్టె పచ్చిగా ఉందన్నమాట. లేదా ఒకేసారి ఎక్కువ వేశామన్నమాట.

గుంత నిండాక బిందెలతో నీళ్లు పోసి పూర్తిగా ఆర్పాలి. నీళ్లు లేకపోతే మట్టి మందంగా కప్పాలి. ఆర్పకపోతే తెల్లారేసరికి బూడిదే మిగులుతుంది.

ఇంటి పొయ్యిలోంచి కూడా బొగ్గు తీయవచ్చు. వంట కాగానే నిప్పులను పటకారుతో తీసి కుండలో వేయండి. మూత పెట్టండి. గాలి అందక నిప్పు ఆరిపోతుంది.

ఎంత కావాలి? లెక్క చూద్దాం

మడికి గజానికి ఒక కిలో చొప్పున వేయవచ్చు. ఇక్కడ గజం అంటే చదరపు గజం.

పొయ్యిలోంచి రోజుకు 100 గ్రాముల బొగ్గు తీశారు అనుకుందాం. నెలకు 3 కిలోలు. ఏడాదికి 36 కిలోలు. అంటే 36 గజాల పెరటికి సరిపోతుంది. ఆకుకూరలకు, పాదులకు అంత చోటు చాలు.

ఇప్పుడు చేను లెక్క. ఎకరం పత్తి చేలో ఒక టన్ను ఎండు కట్టె వచ్చింది అనుకుందాం. టన్ను అంటే 1000 కిలోలు. దానిలో నాలుగోవంతు బొగ్గు అవుతుంది అనుకుందాం. అంటే 250 కిలోలు. గజానికి కిలో చొప్పున 250 గజాలకు వస్తుంది. అంటే సుమారు రెండు గుంటలు. సెంట్ల లెక్కలో సుమారు అయిదు సెంట్లు.

చూశారా? ఎకరం కట్టె అయిదు సెంట్లకే సరిపోతుంది. కాబట్టి ఎకరాల కొద్దీ చేను ఒక్క ఏడాదిలో మారిపోదు. ఎవరన్నా అలా చెబితే నమ్మకండి. దీన్నే బయోచార్ అనే పేరుతో బస్తాల్లో అమ్ముతున్నారు. అప్పు చేసి కొనే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

ఉన్న బొగ్గును కావలసిన చోటే వాడాలి. నారుమడిలో, కూరగాయల మడిలో, మామిడి, నిమ్మ మొక్కలు నాటే గుంతల్లో వేయాలి. ఏడాదికి కొంత చొప్పున వేసుకుంటూ పోవాలి. వేసింది పోదు. వచ్చే ఏడు ఇంకో చోట వేసుకోవచ్చు.

మీరే పరీక్ష చేయండి

ఒకరు చెప్పారని నమ్మనక్కరలేదు. ఈ కాగితంలో రాసి ఉందని కూడా నమ్మనక్కరలేదు. మీ పెరట్లో మీరే చూడవచ్చు.

పక్కపక్కన రెండు మళ్లు కట్టండి. ఒక్కొక్కటి మూడు గజాల పొడవు, ఒక గజం వెడల్పు. రెండింటికీ ఎండ సమానంగా తగలాలి.

ఒకటో మడిలో పెంట ఎరువు మాత్రమే వేయండి. రెండో మడిలో అంతే పెంట ఎరువు వేసి, దానిలో నానబెట్టిన 3 కిలోల బొగ్గు కలపండి. పెంట ఎరువు రెండింటిలోనూ సమానంగా ఉండాలి. లేకపోతే మేలు చేసింది ఎరువా, బొగ్గా తెలియదు.

రెండింటిలోనూ ఒకే రోజు తోటకూర చల్లండి. విత్తనం సమానం. నీళ్లు సమానం.

ఇప్పుడు పలక వద్దు. నోటు పుస్తకం తీయండి. పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ‘ఒకటో మడి’, కుడివైపు ‘రెండో మడి’ అని రాయండి. కింద ఇవి రాయండి.

విత్తనం చల్లిన తేదీ.
మొలక వచ్చిన తేదీ.
పోసిన నీళ్లు ఎన్ని బిందెలు.
నీళ్లు పోసిన మర్నాడు మట్టి తడిగా ఉందా, ఆరిందా.
ఆకు రంగు.
కోసిన కట్టలు ఎన్ని.

ఒక్క కోతతో తేల్చుకోవద్దు. వానకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చూడండి. వానకాలంలో తేడా తెలియకపోవచ్చు. నీళ్లు తక్కువైనప్పుడు తేడా బయటపడవచ్చు. తేడా ఏమీ లేకపోతే అదీ రాయండి. మీ నేలకు బొగ్గు అక్కరలేదని తెలిసింది గదా. అది కూడా లాభమే. కష్టం మిగిలింది.

వ్యవసాయ అధికారి ఊరికి వచ్చినప్పుడు ఆ పుస్తకం చూపించండి. “మాకు తెలియదు సారూ” అనే బదులు “మా లెక్క ఇది” అని చెప్పవచ్చు.

జాగ్రత్తలు

రాతి బొగ్గు వాడొద్దు. కట్టె బొగ్గే వాడాలి.

రంగు వేసిన కట్టె, ప్లాస్టిక్కు, టైర్లు మంటలో వేయొద్దు. వాటి విషం మట్టిలోకి, కూరలోకి చేరుతుంది.

గుంత దగ్గరికి పిల్లలను రానివ్వొద్దు. చీర కొంగు నడుముకు బిగించాలి. గాలి జోరుగా ఉన్న రోజు మంట పెట్టొద్దు. పక్కన నాలుగు బిందెల నీళ్లు ఉంచుకోవాలి. నీళ్లు పోసేటప్పుడు ఆవిరి లేస్తుంది. దూరంగా నిలబడి పోయాలి.

ఇంటి లోపల బొగ్గు చేయొద్దు. నిప్పుల కుండను మూత పెట్టి బయటే ఉంచాలి. తలుపులు మూసిన గదిలో నిప్పులు ఉంటే విషపు గాలి పుడుతుంది. దానికి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బొగ్గు దంచేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి.

ఆలోచించండి. మాట్లాడుకోండి

1. బూడిదకు, బొగ్గుకు తేడా ఏమిటి?
2. బొగ్గును గాదెతో ఎందుకు పోల్చారు?
3. ఉత్త బొగ్గు వేస్తే ఆకులు ఎందుకు పసుపుపచ్చగా మారతాయి?
4. మీ ఊళ్లో పాటిదిబ్బ ఉందా? పెద్దవాళ్లను అడిగి దాని సంగతి రాయండి.
5. మీ ఊళ్లో పంట అయిపోయాక ఏయే కట్టెను తగలబెడుతున్నారు? దానిలో పశువుకు పనికొచ్చేది ఏది? కంపోస్టుకు పనికొచ్చేది ఏది? బొగ్గుకు పనికొచ్చేది ఏది? మూడు వరసలుగా రాయండి.